వాణిజ్య పాఠం: ధర ఎందుకు పెరిగింది?

కె. కోటపాడు: బెల్లం ధర పెరిగినదనగానే వర్తకుడు వేసే మొదటి ప్రశ్న "ఎంత పెరిగింది?" అన్నది. రెండవది "ఇంకెంత పెరుగుతుంది?" అన్నది. "ఎందుకు పెరిగింది?" అన్న ప్రశ్న తరచు చివరికి మిగిలిపోతుంది. కాని తేజీ ఎంతకాలం నిలుస్తుందో చెప్పగలిగేది ఆ చివరి ప్రశ్నే.

కె. కోటపాడు, చోడవరం, దేవరాపల్లి ప్రాంతాలలో బెల్లానికి అనకాపల్లి ధరే ప్రమాణం. ఇక్కడి వారు ధరకు కారణాన్ని సాధారణంగా దగ్గరలోనే వెదుకుతారు. వానలు ఎట్లున్నవి, ఎన్ని గానుగలు ఆడుతున్నవి, ఒడిశా, బెంగాలు బేరాలు వచ్చినవా, యార్డులో కొలగార్లు, కళాసీలు పనిలో ఉన్నారా అని చూస్తారు. రోజువారీ హెచ్చుతగ్గులకు ఈ లెక్క చాలును. అయితే ధరవరలను తలక్రిందులు చేసిన కారణాలు చాలాసార్లు యార్డు గోడ బయట, కొన్నిసార్లు సముద్రం అవతల పుట్టినవి. అవి ముఖ్యంగా మూడు: యుద్ధం, కొత్త సాంకేతిక పద్ధతి, ప్రభుత్వ ఉత్తర్వు. ఈ మూడింటినీ కలిపి పరిశీలించిన చరిత్ర, అర్థశాస్త్ర గ్రంథాలు కొన్ని ఉన్నవి. అవి పండితుల కోసం వ్రాసినవే అయినా, నిలవ పట్టే వర్తకునికి వాటిలో నేర్చుకోదగిన పాఠాలు ఉన్నవి.

దారి మూసుకున్నప్పటి తేజీ

స్వెన్ బెకెర్ట్ 2014లో ప్రచురించిన 'ఎంపైర్ ఆఫ్ కాటన్' పత్తి వ్యాపార చరిత్ర. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయినది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించినది. లాంకషైర్ మిల్లులకు పత్తి అందలేదు. లివర్‌పూల్‌లో 1864 నాటికి ధర యుద్ధానికి ముందున్న దానికి సుమారు నాలుగింతలయినది. ఆ గిరాకీ భారతదేశం మీద పడినది. గుంటూరు, కృష్ణా సీమల పత్తికి అంతర్జాతీయ విపణిలో 'కోకనాడ' అని పేరు. అది కాకినాడ రేవు పేరే. బొంబాయిలో పత్తి లాభాలు వాటాల వ్యాపారంలోకి ప్రవహించి, సముద్రాన్ని పూడ్చే కంపెనీల కాగితాలు కూడ ఎన్నో రెట్లకు అమ్ముడుపోయినవి.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. ఆ వార్త బొంబాయి చేరేసరికి వాయిదా బేరాలు పేరుకుని ఉన్నవి. జూలై 1న ఆ బేరాల పరిష్కారం రాగా పెద్ద పెద్ద పేర్లు కూలిపోయినవి. నాలుగేళ్ళలో వచ్చిన డబ్బు నాలుగు నెలలలో పోయినది. పంట తగ్గి పెరిగిన ధర కాదది. దారి మూసుకోవడం వల్ల పెరిగినది కనుక దారి తెరచుకోగానే దిగినది.

ఇదే పాఠం 2022లో నూనె వర్తకులకు మరల ఎదురయినది. ఆ ఏడాది ఫిబ్రవరి 24న యుక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయినది. భారతదేశం దిగుమతి చేసుకొనే పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగం ఆ రెండు దేశాలదే. ధర ఒక్కసారిగా ఎగబాకినది. జూలై 22న నల్లసముద్రం ద్వారా ఎగుమతులకు ఒప్పందం కుదిరినది. 2023 వేసవి నాటికి నూనె ధర యుద్ధానికి ముందున్న స్థాయికంటే కూడ దిగజారినది. అప్పటికి యుద్ధం ఆగలేదు. ఆగకపోయినా దారి తెరచుకున్నది. కనుక వర్తకుడు గమనించవలసినది యుద్ధ వార్తలను కాదు, ఓడల రాకపోకలను.

బదులు సరుకు పుట్టినప్పటి మందీ

రెండవ రకం కదలిక దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రకాశ్ కుమార్ 2012లో ప్రచురించిన గ్రంథం బెంగాలు, బీహారు నీలి తోటల చరిత్రను చెబుతుంది. ఆ రోజులలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలలో కూడ నీలిమందు ముఖ్య వాణిజ్య పంట. జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ దాదాపు పదిహేడేళ్ళు పరిశోధించి, 1897లో కృత్రిమ నీలిని విపణిలోకి దింపినది. సహజ రంగుకు సాటి లేదనీ, అద్దకం వారు మరల ఆకు నీలికే వస్తారనీ తోటల యజమానులు ధైర్యం చెప్పుకున్నారు. అద్దకం వారు అట్లా రాలేదు. వారికి కావలసినది ప్రతి పీపాలోను ఒకే పాళ్ళలో ఉండే రంగు, నమ్మదగిన ధర. 1914 నాటికి భారతదేశపు నీలి ఎగుమతి వెనుకటి దానిలో పదో వంతుకు కూడ చాలకుండా పడిపోయినది.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మనీ రంగులు ఆగిపోయినవి. నీలి ధర పుంజుకున్నది, సాగు కూడ కొన్నింతలు పెరిగినది. పాత రోజులు తిరిగి వచ్చినవని అనేకులు నమ్మారు. అది దారి మూసుకున్నప్పటి తేజీ మాత్రమే. యుద్ధం ముగియగానే నీలి మరల పడిపోయి, ఆనాటి స్థానాన్ని ఎన్నడూ అందుకోలేదు. యుద్ధపు ధర హఠాత్తుగా వచ్చి హఠాత్తుగా పోతుంది. బదులు సరుకు తెచ్చిన మందీ మెల్లగా వస్తుంది, తిరిగి పోదు. మందీలో నిలవ పట్టి ఓపికతో కూర్చోవడం మొదటి సందర్భంలో వివేకం కావచ్చును. రెండవ సందర్భంలో అదే దివాలాకు దారి.

యుద్ధం పోయినా నిలిచిన పంచదార

ఈ రెండు కారణాలూ కలిసిపోయిన ఉదాహరణ పంచదారది. సిడ్నీ మింట్జ్ 1985లో ప్రచురించిన 'స్వీట్‌నెస్ అండ్ పవర్' తీపి సరుకుల చరిత్రలో పేరు పొందిన గ్రంథం. బీట్ దుంపలో చెరకులోని చక్కెరే ఉన్నదని బెర్లిన్‌లో మార్గ్రాఫ్ 1747లోనే కనుగొన్నాడు. అరవై ఏళ్ళకు పైగా ఆ విద్య వ్యాపారంలో పెద్దగా అక్కరకు రాలేదు. నెపోలియన్ యుద్ధాలలో ద్వీపాల పంచదార ఫ్రాన్సుకు అందకపోవడంతో, 1811 మార్చిలో 32 వేల హెక్టార్లలో, అంటే సుమారు 80 వేల ఎకరాలలో, బీట్ వేయవలెనని చక్రవర్తి శాసించాడు. 1815లో శాంతి రాగానే చాలా కర్మాగారాలు మూతపడినవి. కాని నేర్చిన పని పోలేదు. ఆ శతాబ్దం చివరికి ప్రపంచ పంచదారలో సగానికి పైగా బీట్ నుండి వచ్చినదే. కనుక యుద్ధకాలపు తేజీలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. ధర చాలా కాలం హెచ్చుగా ఉంటే, కొనేవాడు బదులు వెదకడం నేర్చుకుంటాడు.

కొనేవాని చేతిలో డబ్బు

విశాఖ, గోదావరి జిల్లాల నుండి వేలాది కూలీలు ఒకప్పుడు ఓడలెక్కి రంగూన్ పోయేవారు. అక్కడి నుండి బియ్యం ఇక్కడికి వచ్చేది. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమయినది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేసినవి. బర్మా బియ్యం దారి మూసుకున్నది. మరుసటి ఏడు బెంగాల్‌లో కరువు వచ్చినది.

అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్'లో ఆ లెక్కలు విప్పి చూపాడు. 1943లో బెంగాల్‌లో లభించిన ధాన్యం అంతకు ముందటి అయిదేళ్ళ సగటు కంటే సుమారు అయిదు శాతమే తక్కువ. అయినా ముప్పై లక్షల మంది వరకు మరణించారని ఆయన అంచనా. యుద్ధపు ఖర్చుతో, భయంతో, నిలవలతో బియ్యం ధర పరుగెత్తినది. వ్యవసాయ కూలీల, జాలరుల, చేతిపనుల వారి సంపాదన మాత్రం పెరగలేదు. గిడ్డంగిలో ధాన్యం ఉన్నది, కొనవలసిన వాని చేతిలో డబ్బు లేదు.

వ్యాపార ధర్మం మాట అట్లుంచి, వ్యాపార లెక్కలో కూడ ఇది గుర్తుంచుకోవలసిన విషయం. తిండి సరుకు ధర కూలి రేటును దాటి పరుగెత్తితే, దాని వెనుకనే ఉత్తర్వు వస్తుంది. ధరల అదుపులు, రేషను, 1946 నాటి నిత్యావసర సరఫరాల చట్టం, తరువాత 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం ఆ అనుభవాల నుండి వచ్చినవే.

ఉత్తర్వు మీద నిలిచిన ధర

మూడవ కారణమయిన ప్రభుత్వ ఉత్తర్వు చెరకు వర్తకులకు కొత్త కాదు. ఐరోపా ప్రభుత్వాల ప్రోత్సాహక సొమ్ముతో చౌకగా దిగుతున్న బీట్ పంచదార మీద భారత ప్రభుత్వం 1899లో అదనపు సుంకం వేసినది. 1932లో జావా పంచదార పోటీ నుండి రక్షణ కల్పించే చట్టం వచ్చినది. అంతకు ముందు ముప్పై పైచిలుకు ఉన్న దేశంలోని పంచదార మిల్లులు అయిదారేళ్ళలో నూట ముప్పై దాటినవి. ఏటికొప్పాకలో సహకార కర్మాగారం వెలసినది కూడ ఆ కాలంలోనే, 1933లో.

ఇటీవలి ఉదాహరణ ఇథనాల్‌ది. పెట్రోలులో కలిపే ఇథనాల్ గిరాకీ చెరకుకు కొత్త బలం ఇచ్చినది. కాని 2023 డిసెంబరు 7న కేంద్రం చెరకు రసం నుండి ఇథనాల్ తయారీని కట్టడి చేసినది. 2024 ఆగస్టులో ఆ ఆంక్షను తొలగించినది. ఒక్క కాగితంతో వచ్చిన గిరాకీ మరొక కాగితంతో ఆగిపోగలదు. ఇటువంటి ధరను నమ్ముకున్నవాడు యార్డు బోర్డుతో పాటు ఉత్తర్వు గడువును కూడ చదవవలెను.

దూరం తగ్గితే పోటీ పెరుగుతుంది

మార్క్ లెవిన్సన్ 2006లో ప్రచురించిన 'ది బాక్స్' ఇనుప కంటెయినర్ చరిత్ర. 1956 ఏప్రిల్ 26న 58 పెట్టెలతో ఒక ఓడ అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుండి హ్యూస్టన్‌కు బయలుదేరినది. విడి సరుకు ఓడకు ఎత్తడానికి టన్నుకు 5 డాలర్ల 83 సెంట్లు అయ్యేచోట, ఈ పద్ధతిలో 16 సెంట్ల లోపే అయినది. ఆ తరువాత వియత్నాం యుద్ధంలో సైన్యానికి సామగ్రి చేరవేసిన అనుభవం ఈ పద్ధతికి బలం ఇచ్చినది. విశాఖలో కంటెయినర్ టెర్మినల్ 2003లో పనిచేయడం మొదలయినది.

రవాణా మారితే ఊళ్ళ జాతకాలు మారతాయని ఉత్తరాంధ్ర అంతకు ముందే చూసినది. 1933లో విశాఖ నౌకాశ్రయం తెరచుకున్న తరువాత, ఒకప్పుడు నూనెగింజలు, గోగునార, కరక్కాయలు ఎగుమతి చేసిన భీమునిపట్నం రేవు వెలవెలపోయినది. అక్కడ సరుకు నాణ్యత తగ్గలేదు, వర్తకుల తెలివీ తగ్గలేదు. దారి వేరొకచోటికి మళ్ళినది, మరల తిరిగి రాలేదు.

బెల్లానికి అన్వయం

పంచదార మిల్లు వచ్చినప్పటి నుండి బెల్లానికి నూకలు చెల్లినవని చెప్పినవారు అనేకులు. అయినా అనకాపల్లి మార్కెట్ నిలిచినది. అద్దకం వానికి ఆకు నీలి అయినా ఒకటే, కృత్రిమ నీలి అయినా ఒకటే. కాని దేవుని నైవేద్యానికి, సంక్రాంతి అరిసెలకు, ఉగాది పచ్చడికి పంచదార బదులు కాలేదు. బదులు లేని వాడకం ఎంత ఉన్నదో, సరుకుకు అంత ఆయుష్షు. ఆ వాడకం రంగును, శుభ్రతను నమ్ముకొని ఉన్నది. మెరుపు కోసం హైడ్రోస్ దట్టించిన దిమ్మ ఈ రోజు నాలుగు రూపాయలు ఎక్కువ తేవచ్చును కాని, రేపటి కొనుగోలుదారును బదులు వెదకమని పంపేది కూడ అదే.

చివరగా చెరకు కాలపరిమితిని లెక్కలోకి తీసుకొనవలెను. ఈ ఏటి ధర చూసి వేసిన మొక్క తోట గానుగకు వచ్చేది పది పన్నెండు నెలల తరువాత. ఆ మీదట కార్శి పంట కూడ ఉంటుంది. దారి మూసుకున్న తేజీ, ఉత్తర్వు తెచ్చిన తేజీ అంతకాలం నిలుస్తాయన్న హామీ లేదు. తేజీ ధర మీద రైతుకు అడ్వాన్సు ఇచ్చిన వర్తకుడు, పంట చేతికొచ్చే వేళకు మందీ ధరకు సరుకు అందుకోవలసి వస్తే, రైతు అప్పు తీరదు, వర్తకుని పెట్టుబడీ తిరిగి రాదు. నిలవ పట్టుదామన్నా వానాకాలపు తేమకు బెల్లం చెమ్మగిల్లుతుంది.

కనుక ధర కదిలినప్పుడు కొనుగోలుకు ముందు మూడు విషయాలు విచారించడం మేలు. దారి మూసుకున్నదా? అయితే పరిమితంగా కొని, తెరచుకోకముందే అమ్ముకొనవలెను. ఉత్తర్వు వచ్చినదా? అయితే గడువు దాటేటట్లు అడ్వాన్సులు ఇవ్వరాదు. బదులు సరుకు పుట్టినదా? అయితే పాత ధర కోసం ఎదురుచూడక, నిలవ వదిలించుకొని బదులు లేని రకం మీదకు పెట్టుబడి మార్చవలెను. ఈ మూడూ కాకపోతే అది పంట హెచ్చుతగ్గుల వల్ల వచ్చిన ధర. దానిని అంచనా వేయడం ఈ ప్రాంతపు వర్తకులకు తరతరాలుగా వచ్చిన విద్యే.