తనిఖీకి దారి ఉంచు

హనుమకొండ

చిరంజీవి మనవరాలికి,

సైబర్ భద్రత చదవాలని నిశ్చయించుకున్నావని తెలిసి సంతోషించాను. ఆ చదువులో తాళాలు వేయడం బాగా నేర్పుతారు. తాళం విరిగితే తెలిసేదెలా, తెలిశాక పని సాగేదెలా అన్న ప్రశ్నలను మాత్రం నువ్వే వదలకుండా పట్టుకోవాలి. బడి, ఆస్పత్రి, పోలింగ్ కేంద్రం జనం నమ్మకం మీదే నడుస్తాయి. 'మా వ్యవస్థను ఎవరూ ఛేదించలేరు' అన్న భరోసాతో ఆ నమ్మకం నిలవదు. అనుమానం వచ్చిననాడు సరిచూసుకునే దారి ఉంటేనే నిలుస్తుంది.

2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు లోపలివాళ్ల ద్వారానే కంప్యూటర్ నుంచి బయటపడ్డాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. మరుసటి నెలలోనే మన కమలాపూర్‌లో పదో తరగతి హిందీ ప్రశ్నపత్రం ఫోన్‌లో ఫొటోగా మారి వాట్సాప్‌కెక్కింది. ఒకచోట బయటి హ్యాకర్ అవసరమే రాలేదు, ఇంకోచోట కంప్యూటర్‌తోనే పనిపడలేదు. కాబట్టి 'మా యంత్రానికి ఇంటర్నెట్ లేదు, భయం లేదు' అని ఎవరైనా అంటే, దాన్ని ముట్టుకునేదెవరు, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు చేసేదెవరు అని అడుగు. ఇక తాళం విరిగాక పని సాగేదెలా అన్న ప్రశ్న చూడు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు ఓపీ, అడ్మిషన్లు రోజుల తరబడి చేతిరాతతోనే నడిచాయి. పని నెమ్మదించింది కానీ ఆస్పత్రి మూతపడలేదు.

ఓటు సంగతికి వస్తే, 2010లో హైదరాబాద్‌కు చెందిన హరిప్రసాద్ వేమూరు, మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్ తదితరులతో కలిసి, ఈవీఎం చేతికి చిక్కితే లెక్క మార్చవచ్చని చూపించారు. ఆ యంత్రాన్ని దొంగిలించారన్న ఆరోపణపై అదే ఏడాది ఆగస్టులో పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. యంత్రం అలా చేతికి చిక్కదు, సీళ్లు, ఏజెంట్ల సంతకాలు ఉంటాయని ఎన్నికల సంఘం వాదన. అందులో బలం లేకపోలేదు. అయినా సీలు మీద నమ్మకం వేరు, ఓటరు కళ్లతో చూసే రుజువు వేరు. 2013లో సుప్రీంకోర్టు, ఓటు ఎవరికి పడిందో ఓటరుకు చూపే వీవీప్యాట్ చీటీ తప్పనిసరి అన్నది అందుకే. 2019లో అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు యంత్రాల చీటీలు లెక్కించమంది. 2024లో బ్యాలెట్ పత్రాలకు తిరిగి వెళ్లడానికి ఒప్పుకోకపోయినా, తనిఖీకి మరో అవకాశం కల్పించింది.

లోపాలు బయటపెడితే జనం బెదిరిపోతారని కొందరంటారు. కానీ 2017లో అమెరికాలో 4,65,000 పేస్‌మేకర్లలో భద్రతా లోపం ఉందని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే చాటింది. సరిచేసే సాఫ్ట్‌వేర్ వైద్యుల దగ్గర ఎక్కించారు. దాచి ఉంటే రోగికి భయం ఉండేది కాదు, మరమ్మతూ ఉండేది కాదు. రేపు నువ్వు ఏ వ్యవస్థ కట్టినా యంత్రంతో సంబంధం లేని రుజువు ఒకటి మిగిలేలా చూడు. లోపం ఎత్తిచూపినవాణ్ని మాత్రం దొంగలా చూడకు బిడ్డా, ముందు అతను చెప్పింది నిజమో కాదో పరీక్షించు.

ఇట్లు,
మీ తాతయ్య