పక్షవాతరోగికి పాట



మెదడునకు రక్తము గొనిపోవు నాళము మూసికొనిపోయినను, చిట్లినను, దానిచే పోషింపబడు భాగము నిమిషములలోనే చెడనారంభించును. దీనినే పక్షవాత మందురు. ఎడమభాగము చెడినచో కుడిచేయి, కుడికాలు పడిపోవుటయే గాక మాటయు పోవుట తరచు. చచ్చిన కణములు మరల బ్రదుకవు. అయినను మిగిలిన భాగములు వాని పనిని కొంతవరకు నేర్చుకొనగలవు. ఈ నేర్పు మొదటి మాసములలో నధికము. ఆ మాసములలోనే మన యిండ్లలో రోగిని సద్దులేని గదిలో గోడవైపు చూచుచు పండుకొనియుండ విడుతుము. నా తండ్రిగారు మాట పోగొట్టుకొనినప్పుడు నేను చేసినదియు నదియే. పొరుగింటి హార్మోనియమును గూడ బతిమాలి యాపించితిని. వారో, ఆరోగ్యదినములలో పాటలేక పూట గడుపనివారు.

ఫిన్లాండు దేశమున హెల్సింకి నగరములో తెప్పో సార్కామో అను మనశ్శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును దీనిని పరీక్షించి 2008వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. 60 మంది రోగులను మూడు తెగలుగా విభజించిరి. 54 మంది తుదివరకు నిలిచిరి. వైద్యము అందరికి నొక్కటియే. అదిగాక మొదటి తెగవారు తామే కోరుకొనిన పాటలను, రెండవ తెగవారు చదివి వినిపింపబడిన పుస్తకములను రెండు నెలలు దినమున కొకగంటకు తక్కువగాకుండ వినవలెను. మూడవ తెగవారి కేదియు నియమింపలేదు. మూడు నెలలు నిండినపిమ్మట చూడగా, విన్న మాటలను జ్ఞాపకముంచుకొను శక్తి పాటలు విన్నవారిలో నూటికి 60 వంతులు, పుస్తకములు విన్నవారిలో 18, ఏదియు విననివారిలో 29 వంతులు వృద్ధినొందెను. పుస్తకములకు దక్కిన స్థానమును జూచి ఉపాధ్యాయుడనైన నేను కొంచెము చిన్నబోయితిననుట నిజము! ధ్యాస నిలుపుట యందును పాటలు విన్నవారే మేలుగా నుండిరి. వారిలో దిగులును తక్కువ. మరల 2014లో ఎడమవైపు దెబ్బతిన్న రోగుల మెదడు చిత్రములను పరిశీలింపగా, సంగీతము విన్నవారిలో ముందుభాగమున కొన్నిచోట్ల బూడిదవర్ణపు పదార్థము పెరిగియుండెను.

పాట వినునప్పుడు మెదడులో వినికిడి, జ్ఞాపకము, భావము, కదలిక అను పనులకు సంబంధించిన భాగములు ఒక్కసారిగా మేల్కొనును. ఇదియే కారణమని పండితుల యూహ. అయితే పరీక్షింపబడినవారు కొద్దిమందియే యని మరువరాదు. పాట వైద్యమునకు బదులు కాదు. మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. నాళమున గడ్డకట్టిన రక్తమును కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల నీయవలసినది.

మాట పోయినను పాట నిలుచుట క్రొత్తసంగతి కాదు. కుడిప్రక్క యంతయు పడిపోయి మాట పోయిన యొక మనుష్యుడు పూర్వము నేర్చిన కీర్తనలను స్పష్టముగా పాడుచుండెనని స్వీడనులో ఓలోఫ్ దాలిన్ 1745లోనే వ్రాసెను. అయితే ఆరంభమున నొకరు తోడుగా పాడవలసియుండెను. మీ యింట నట్టి రోగి యున్నచో, ఏ పాట కావలెనో సైగచేతనైనను వారినే యడుగుడు. మెల్లగా వినిపింపుడు, విసుగు గన్పట్టిన నాపుడు. మొదటి చరణమును మీరెత్తికొని, రెండవదానియొద్ద కొంచెము ఆగి వారి పెదవులవంక చూడుడు.