ఖాళీ పెరట్లో మొదటి మడి



మన జిల్లాలోని ఉద్దానానికి ఆ పేరు ‘ఉద్యానవనం’ నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలోనే అక్కడి ఊళ్ళు ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క పూటలో లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి, పెరళ్ళు బోసిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. తోటకూర మాత్రం నెల తిరగకుండా కోతకొస్తుంది. పెరడు ఏ కారణం చేత ఖాళీగా ఉన్నా, మొదలుపెట్టవలసింది ఆకుకూరతోనే.

ఎందుకు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువ. పురుటికి వచ్చే అమ్మాయి కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. “కూర ఏం తిన్నావమ్మా?” అంటే “సంత ఉన్న రోజే కూర, సిస్టరమ్మా” అంటుంది. వంటింటి గుమ్మం పక్కనే ఆకు ఉంటే సంత కోసం చూడనక్కరలేదు.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్వార్టర్ వెనుక తొమ్మిది రకాల గింజలు ఒకేరోజు వేశాను. నేలలో ఇటుక ముక్కలున్నా ఏరలేదు. తోటకూర గింజలను వేలు లోతున పాతాను. ఒక్క మొలకా రాలేదు. పక్కింటి అవ్వ నవ్వి, “ఆవగింజ కన్నా చిన్న గింజని పాతిపెట్టేస్తే పైకెలా వస్తాది, నర్సమ్మా?” అంది. ఆ ఒక్క మాటతో నాకు పని తెలిసింది.

ఎలా మొదలుపెట్టాలి?

1. రోజుకు అయిదారు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. మరుగుదొడ్డి గుంటకు, మురుగు కాలువకు దూరంగా ఉండాలి.

2. 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవుతో ఒక్క మడి చాలు. అంత వెడల్పయితే లోపల కాలు పెట్టకుండా రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది. జానెడు లోతు తవ్వి, రాళ్ళు ఏరి, బాగా మాగిన పశువుల గత్తం రెండు గంపలు కలపండి. ఇసుక నేలకు మరో గంప వేయండి. పచ్చి పేడ వేయకండి. దానితో మొక్క మాడుతుంది, క్రిములూ ఆకుకు అంటుతాయి. వానాకాలంలో నీరు నిలవకుండా మడి ఎత్తుగా కట్టండి.

3. చెంచాడు తోటకూర గింజల్ని నాలుగు గుప్పిళ్ళ పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లి, చేత్తో నిమరండి. మొలక కనబడేవరకు తాటాకు కప్పి, పైన నీళ్ళు చిలకరించండి. మొలక రాగానే ఆకు తీసేయండి.

4. పదిహేను రోజులకొకసారి మడిలో కొంత భాగం చొప్పున చల్లితే కూర తెగకుండా వస్తుంది. మడి అంచున బచ్చలి ముక్క, కంచె వెంట మునగ కొమ్మ పాతండి. ఇవి చేతికొచ్చాకే వంగ, బెండ, ఆనప.

ఒంటికి జాగ్రత్త

మట్టిలో వట్టి కాళ్ళతో తిరిగితే కొంకిపురుగు పిల్లలు పాదం చర్మం గుండా ఒంట్లో చేరి, పేగుల్లో రక్తం పీలుస్తాయి. ఆకుకూర తిని కూడబెట్టే రక్తం పురుగు పాలు కాకూడదు. కాబట్టి చెప్పులు వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పార తగిలి తెగితే కడిగి, ధనుర్వాతం ఇంజక్షన్ గురించి ఆస్పత్రిలో అడగండి. నీళ్ళ డబ్బాలను వారానికొకసారి వంపి ఆరబెట్టండి, లేదంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయకండి, దాహమేసిన పిల్లవాడికి తేడా తెలియదు.

వండేటప్పుడు

ఆకును ముందు కడిగి, తరువాత తరగండి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి. తినేముందు నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే పట్టదు. గర్భిణులు ఆకుకూర తింటున్నాం కదా అని ఐరన్ మాత్రలు మానకూడదు.

కిడ్నీ జబ్బున్నవారికి వేరే లెక్క. ఉద్దానంలో ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలి. మునగాకు, తోటకూరల్లో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. అలాంటివారు ఎంత తినాలో, ఎలా వండాలో డాక్టరుగారిని అడిగాకే తినాలి.

ఈ వారం పని

మీ పెరట్లో ఎండ ఎక్కడ ఎంతసేపు ఉంటుందో ఒకరోజు గమనించండి. అక్కడ నాలుగు పుల్లలు పాతి, తాడు కట్టండి. మీ ఇంట్లో రక్తం తక్కువని ఎవరికి చెప్పారో గుర్తు చేసుకోండి. మొదటి కోత వారి కంచంలో పడాలి.