ముసాఫిర్లకు ఇంటి గది కిరాయికి ఇస్తే: పన్నులు, నియమాలు, అమానత్

ఇల్లు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. ఆ ఇంటిలో ఒకటి రెండు గదులు ఖాళీగా ఉంటే వాటిని ప్రయాణికులకు రోజు కిరాయికి ఇచ్చి హలాల్ సంపాదన పొందడంలో ఏ దోషమూ లేదు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేటు పనుల మీద వచ్చేవారు, గద్వాల చీరల బేరానికి వచ్చే వ్యాపారులు, అలంపూర్ గుడికీ షా అలీ పహిల్వాన్ దర్గాకూ వచ్చేవారు, సోమశిల చూడవచ్చేవారు, సలేశ్వరం జాతరకు నల్లమలకు వెళ్ళేవారు, వీరందరికీ ఒక రాత్రి బస కావాలి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక విద్యార్థుల తల్లిదండ్రులు కూడా గదుల కోసం వెతుకుతున్నారు.

ఈ విషయమై మమ్మల్ని అడిగేవారిలో చాలామంది అనే మాట ఒకటే: "ఇల్లు మాది, గది మాది. మధ్యలో పన్నేమిటి, రసీదేమిటి?" ఈ మాటలో కొంత అమాయకత్వం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది. అందుకే ఈ పాఠంలో విషయాన్ని ఒక్కొక్కటిగా విడమరచి చూద్దాం.

ఇది ఒక ఒప్పందం

షరీఅత్‌లో కిరాయి వ్యవహారాన్ని 'ఇజారా' అంటారు. అది సరైనది కావాలంటే మూడు విషయాలు ముందే తేటతెల్లం కావాలి: ఇచ్చే వసతి ఏమిటి, ఎంత కాలానికి, ఎంత కిరాయికి. "వచ్చి ఉండండి, తర్వాత చూసుకుందాం" అనడం తగవులకు మూలం. వేడి నీళ్ళు, భోజనం, బండి పెట్టుకునే చోటు కిరాయిలో కలిసి ఉన్నాయా, వేరా అన్నది కూడా ముందే చెప్పాలి. మాయిదా సూరా తొలి ఆయతులోనే విశ్వాసులకు ఒప్పందాలు నెరవేర్చమన్న ఆజ్ఞ ఉంది.

అతిథి వేరు, కిరాయిదారు వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. అతిథిని గౌరవించడం విశ్వాస లక్షణమని దైవప్రవక్త (స) బోధించారు. మన ఇంటికి అతిథిగా వచ్చిన బంధువుకు మర్యాదలు చేసి, వెళ్ళేటప్పుడు లెక్క చెప్పడం తగదు.

ఇంటి పన్ను

అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువారు తమ ఇంటిని ముప్పై రోజుల కంటే తక్కువ కాలానికి కిరాయికి ఇస్తే, రాష్ట్రానికి ఆరు శాతం బస పన్ను కట్టాలి. మన దగ్గర మున్సిపాలిటీ వసూలు చేసే అలాంటి విడి పన్ను లేదు. పూర్వం హోటళ్ళ మీద రాష్ట్రం వసూలు చేసిన విలాస పన్ను కూడా 2017 జూలై 1 నుండి జీఎస్టీలో కలిసిపోయింది. స్థానికంగా మిగిలినవి ఇంటి పన్ను, లైసెన్సు.

పట్టణాల్లో 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం, సోమశిల, మన్ననూర్ వంటి గ్రామాల్లో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తాయి. ఇంటి పన్ను నివాసానికి ఒక విధంగా, నివాసేతర వినియోగానికి మరో విధంగా ఉంటుంది. పురపాలక చట్టం ప్రకారం యజమాని స్వయంగా ఇచ్చే వివరాల మీదనే పన్ను లెక్క కడతారు. అంటే ప్రభుత్వం మన మాటను నమ్ముతోందన్నమాట. పై అంతస్తులో నాలుగు గదులు లాడ్జీలా నడుపుతూ కాగితం మీద "సొంత నివాసం" అని రాస్తే అది అబద్ధపు సాక్ష్యమవుతుంది. గదులు మొదలుపెట్టే ముందే మున్సిపాలిటీకి లేదా పంచాయతీ కార్యదర్శి వద్దకు వెళ్ళి, ఏ భాగం ఎలా వాడుతున్నామో రాసిచ్చి, ట్రేడ్ లైసెన్సు అవసరమా అని అడిగి, రసీదు తీసుకోవాలి.

విద్యుత్తు కూడా ఇలాంటిదే. ఇంటి కనెక్షన్, వాణిజ్య కనెక్షన్ వేరు వేరు. వంట గ్యాసులో కూడా 14.2 కిలోల సిలిండర్ ఇంటి వాడకానికే. డబ్బు తీసుకుని భోజనం పెడితే వాణిజ్య సిలిండర్ వాడాలి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

జీఎస్టీ ఎవరికి?

ఏడాదికి మొత్తం రాబడి 20 లక్షల రూపాయలు దాటనంత వరకు గదులిచ్చేవారు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనవసరం లేదు. రెండు గదులు, ఒక్కోటి రోజుకు 1,200 రూపాయలు, ఏడాదిలో ప్రతి రాత్రీ నిండినా వచ్చేది 8,76,000 రూపాయలే. అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ లెక్క గదులకు మాత్రమే కాదు, ఒకే పాన్ మీద ఉన్న వ్యాపారాలన్నిటికీ కలిపి. చీరల దుకాణంలో 15 లక్షల అమ్మకం, గదుల మీద 6 లక్షలు వస్తే మొత్తం 21 లక్షలు. అప్పుడు రిజిస్ట్రేషన్ తప్పదు.

2022 జూలై 18కి ముందు రోజుకు 1,000 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ మినహాయింపు ఉండేది. అది తొలగిపోయింది. 2025 సెప్టెంబర్ 22 నుండి రోజు కిరాయి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, ఆ పైన 18 శాతం. ఆన్‌లైన్ కంపెనీ ద్వారా బుకింగ్ వచ్చి, యజమాని రిజిస్ట్రేషన్ పరిధిలో లేకపోతే, ఆ పన్నును కంపెనీయే వసూలు చేసి కడుతుంది. విద్యార్థికి కనీసం 90 రోజులు ఏకబిగిన, నెలకు 20,000 రూపాయలు మించకుండా వసతి ఇస్తే 2024 జూలై నుండి మినహాయింపు ఉంది.

రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో "జీఎస్టీ" అని రాసి 60 రూపాయలు అదనంగా తీసుకుంటే చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా హరామ్. పన్ను పేరు చెప్పి తీసుకున్న సొమ్ము ప్రభుత్వానిది. అది మన జేబులో ఉండకూడదు.

ఆదాయపు పన్ను, జకాత్

ఇల్లు మొత్తంగా నెల కిరాయికి ఇస్తే, కట్టిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలిన దానిలో 30 శాతం తగ్గించి ఆదాయాన్ని లెక్కిస్తారు. పడక, శుభ్రత, భోజనం వంటి సేవలతో రోజు కిరాయికి ఇస్తే సాధారణంగా దాన్ని వ్యాపార ఆదాయంగా చూస్తారు. అందులో నిజంగా అయిన ఖర్చులు తీసివేయవచ్చు. కాబట్టి రసీదులు దాచుకోవాలి.

పన్ను కట్టినంత మాత్రాన జకాత్ తీరిపోదు. జకాత్ ఆరాధన, పన్ను పౌర బాధ్యత. కిరాయికిచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదు. కిరాయి సొమ్ములో ఖర్చులు, పన్నులు పోగా మిగిలినది ఇతర సొమ్ముతో కలిసి నిసాబ్‌కు చేరి, ఏడాది గడిస్తే రెండున్నర శాతం జకాత్ ఇవ్వాలి.

వచ్చినవారి వివరాలు

పేరు, చిరునామా, ఫోను, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం ఒక రిజిస్టరులో రాసి, గుర్తింపు కార్డు చూడాలి. ఆధార్ ఇచ్చేవారి నుండి చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతి తీసుకోవచ్చు. ఆ కాగితాలు మన వద్ద అమానత్. వాటిని పదిమందికీ చూపడం, ఫోనులో పంచుకోవడం ద్రోహం. విదేశీ పాస్‌పోర్టు గలవారు బస చేస్తే 24 గంటలలోపు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపాలి. 2025 సెప్టెంబర్ 1 నుండి కొత్త వలస, విదేశీయుల చట్టం అమలులో ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువుల పిల్లలు కూడా చట్టం దృష్టిలో విదేశీయులే.

కిరాయికి ఇచ్చిన గది ఆ గడువు వరకు కిరాయిదారుని ఇల్లే. అనుమతి అడిగి, సలాం చేసి ప్రవేశించమని నూర్ సూరా నేర్పిన మర్యాద అక్కడా వర్తిస్తుంది. మారు తాళం చెవి మన దగ్గర ఉన్నంత మాత్రాన తలుపు తీసే హక్కు రాదు.

అక్కచెల్లెళ్ళ వాటా

ఇది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మన ఇళ్ళలో చాలా వాటికి పన్ను రసీదు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదనే వస్తుంది. మీరాస్ పంపకం జరగదు. ఒక తమ్ముడు ఆ ఇంట్లో గదులు నడుపుతూ కిరాయి తానే ఉంచుకుంటాడు. పంపకం కాని ఇంటి కిరాయిలో తల్లికీ, అక్కచెల్లెళ్ళకూ వారి వారి వాటా ఉంది. వారు సంతోషంగా అనుమతిస్తే వేరు. మొహమాటానికి మౌనంగా ఉండడం అనుమతి కాదు. నడిపే శ్రమకు ప్రతిఫలం మాట్లాడుకోవచ్చు, కానీ వాటాను మింగకూడదు. ముందు పంపకం చేసి, రికార్డులో పేర్లు మార్పించి, ఆ తర్వాతే గదులు తెరవండి. మున్సిపాలిటీకి పైసా బాకీ లేకపోయినా, చెల్లెలికి బాకీ ఉన్న సంపాదన స్వచ్ఛం కాదు.

అందరికీ ఇవ్వవచ్చా?

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లికి, 2020లో తుంగభద్ర పుష్కరాలకు అలంపూర్‌కు జనం తరలివచ్చారు. కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో. యాత్రికులకు గది ఇవ్వవచ్చా అని కొందరు సంకోచిస్తారు. మనం ఇచ్చేది తల దాచుకునే చోటు. ప్రయాణికుని మతం ఆ ఒప్పందంలో భాగం కాదు. నజ్రాన్ నుండి వచ్చిన క్రైస్తవ బృందాన్ని దైవప్రవక్త (స) మదీనాలో తమ మస్జిద్‌లోనే ఆదరించారు. మరోవైపు, మూసా (అ) ప్రయాణంలో ఆకలితో అడిగినా ఆశ్రయమివ్వని ఊరి ప్రస్తావన కహఫ్ సూరాలో ఉంది. ఆ ఊరివాళ్ళలా మనం కాకూడదు. అయితే రద్దీ రోజుల్లో, ముందే కుదిరిన కిరాయిని యాత్రికుడు గుమ్మంలోకి వచ్చాక పెంచడం మోసం.

సోదర సోదరీమణులారా! గది చిన్నదైనా దాని వెనుక ప్రభుత్వ హక్కు, ప్రయాణికుని హక్కు, వారసుల హక్కు ఉన్నాయి. ఈ హక్కులు చెల్లించిన తర్వాత మిగిలిన నాలుగు రూపాయల్లోనే బర్కత్ ఉంటుంది. అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనను, హక్కులు తీర్చే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.