పది ప్రశ్నలు పంపుమంటివి

చిత్తూరు,
17-7-1960.

చిరంజీవికి పెదనాయన ఆశీర్వచనములు.

నీవు తిరుపతి నుండి వ్రాసిన జాబు గురువారమునాడు చేరినది. విశ్వవిద్యాలయపు వసతిగృహమున రాత్రి భోజనములైన పిమ్మట మిద్దెమీద చేరి, కమ్యూనిస్టు మిత్రులొకవంక, క్రొత్తగా స్వతంత్ర పార్టీ జెండా పట్టినవారొకవంక, కాంగ్రెసు పక్షమున నీవును మరి యిద్దరును ఒకవంక కూర్చుండి అర్ధరాత్రి దాక వాదించుకొనుచుందుమనియు, ఎంత చెప్పినను ప్రతిపక్షులు దారికి రాకున్నారనియు, కావున వారి నమ్మకములను మొదలంట పెకలింపగల పదునైన ప్రశ్నలొక పది వ్రాసి పంపుమనియు కోరితివి. ఇరువదియేండ్లకు పైగా ఈ ఊరి కోర్టులలో సాక్షులను ప్రశ్నించి అన్నము తినుచున్నవాడను గనుక పది ప్రశ్నలు నాకొక లెక్క కాదని తలచియుందువు. ఆ పది ప్రశ్నలు ఈ జాబులో లేవు. ఎందుచేత లేవో చెప్పుటకే ఇంత దీర్ఘముగా వ్రాయుచున్నాను. మీ పెద్దమ్మ పంపుచున్న మామిడితాండ్ర తినుచు చదివినను నాకభ్యంతరము లేదు.

కమ్యూనిస్టు మిత్రుని నీవు "చైనావాడివా, ఇండియావాడివా?" అని అడుగగా చుట్టునున్నవారు ఫక్కున నవ్విరనియు, అతడు తెల్లబోయెననియు విజయగర్వముతో వ్రాసితివి. నాయనా, ఆ నవ్వు నాకు చిరపరిచితము. 1937 ఎన్నికల దినములలో మేము నలుగురము బండి కట్టించుకొని పలమనేరు దారినున్న పల్లెలన్నియు తిరుగుచుండగా, ఒక సాయంకాలము రచ్చబండ కడ జస్టిస్ పార్టీకి చెందిన పెద్దరైతు ఒకాయన లేచి కాంగ్రెసువారిని ఏదో ఆక్షేపించెను. నాకప్పుడు ఇరువదియేడేండ్లు; నోటికి కళ్లెము లేదు. "ఏం పెద్దాయనా, తెల్లదొర నీకు మేనమామా, పిల్లనిచ్చిన మామా?" అని అడిగితిని. రచ్చబండ దద్దరిల్లునట్లు జనము నవ్విరి. ఆయన కండువా దులిపి భుజమున వేసికొని, మారుమాటాడక వెడలిపోయెను. ఆ యెన్నికలలో మద్రాసు శాసనసభయందలి 215 స్థానములలో 159 కాంగ్రెసుకే దక్కినవి గనుక ఆ నవ్వుకూడ ఆ విజయములో ఒక పాలని చాలకాలము భ్రమించితిని.

పదియేండ్ల తరువాత ఒక గట్టుతగాదాలో ఆయన కుమారుడే నా కక్షిదారుడై వచ్చెను. మాటల సందర్భమున చెప్పెను గదా: ఆ యింటికి మొదటి సర్కారు ఉద్యోగము అతనిదేనట, కొలువులలో బ్రాహ్మణేతరులకు వంతు లేర్పరచుచు జస్టిస్ ప్రభుత్వము 1921 లో వెలువరించిన కమ్యూనల్ జీ.వో. వలననే అది దక్కినదని తండ్రి నమ్మకమట. ఆ కృతజ్ఞత కొలదిని పార్టీని విడువలేదట. "మా నాయనకు దొరలంటే గిట్టేదే కాదు సార్. ఎందుకుండావు ఆ పార్టీలో అని ఆ పొద్దు మీరొక మాట అడిగింటే చెప్పుండును" అనెను. వేరు ఎక్కడ నాటుకొన్నదో విచారింపకయే చెట్టును పెకలింపబోయితిని. నేనడిగిన దానికి జవాబు లేదు. అడుగవలసినదానికి జవాబుండెను, అది వినుటకు నాకు పదియేండ్లు పట్టెను.

ఇక ప్రశ్న వేయనేర్చినవాని మాట చెప్పెదను. మన సీమలో గడుసువానిని, ఎవ్వరికిని చిక్కనివానిని "వాడు ఎమ్డెన్ రా" అనుట నీవు వినియుందువు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణపు తీరమునకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి తైలపుతొట్లను ఫిరంగిగుండ్లతో తగులబెట్టి, పట్టణమువారు తేరుకొనునంతలో చీకటిలో కలిసిపోయినది. నాటినుండి ఆ పేరు అరవమునను, అరవముతో ఇరుగుపొరుగైన మన చిత్తూరు తెలుగునను సామాన్యనామమై కూర్చున్నది. తిరుచానూరున 1891 లో జన్మించి, కొన్నినాళ్లు లెక్కల ఉపాధ్యాయుడుగ నుండి, పిమ్మట న్యాయవాదియై, 1934 లో కేంద్ర శాసనసభకు ఎన్నికై, నేడు లోకసభాపతి పీఠము నలంకరించియున్న మాడభూషి అనంతశయనం అయ్యంగారికి నాటి ఢిల్లీసభలో ప్రశ్నలవలన వచ్చిన బిరుదు కూడ ఎమ్డెన్ అనియే.

ఆ సభ ఎట్టిదో నీవు చరిత్రలో చదివియుందువు. గవర్నరు జనరలు కార్యనిర్వాహకులను ఓటుతో దింపుటకు సభ్యులకు అధికారము లేదు. ఓడింపరాని ప్రభుత్వమును అడుగుటకు మాత్రము హక్కుండెను. అదియైనను ఒక్కనాట వచ్చినది కాదు: 1892 చట్టముతో ప్రశ్న వేయవచ్చుననిరి, జవాబుపై మరల అడుగరాదనిరి, 1909 లో అడిగినవాడు మాత్రము అనుబంధప్రశ్న వేయవచ్చుననిరి, 1919 సంస్కరణల తరువాత గాని తక్కినవారికి ఆ భాగ్యము కలుగలేదు. ఇంత పిసినారితనముతో పరాయి ప్రభుత్వము విదిలించిన హక్కు, దానిని వాడనేర్చినవాని చేతిలో ఫిరంగి యైనది. ఏలయన, సభలో ప్రశ్న పడినదా, కచేరీలలో కాగితపు కట్టలు విప్పబడును, గుమాస్తా మొదలు కార్యదర్శి వరకు నిద్ర చెడును, వచ్చిన జవాబు అచ్చుపడి నిలిచిపోవును.

నేడు అదే అయ్యంగారు అధ్యక్షత వహించు సభలో ప్రశ్న ఎట్లుండవలెనో నియమములు కలవు. న్యాయశాస్త్రము చదువనివారు సైతము వానిని చదువవలెనని నా కోరిక. ప్రశ్నలో వాదముండరాదు, అనుమితి యుండరాదు, వ్యంగ్యోక్తి యుండరాదు, ఆరోపణ గాని విశేషణము గాని పరువునకు భంగము కలిగించు మాట గాని యుండరాదు. అభిప్రాయము చెప్పుమని అడుగరాదు. ఇట్లు జరిగినచో నేమందురని ఊహాకల్పితమును ముందు పెట్టరాదు. ఇన్నింటిని తీసివేసిన పిమ్మట మిగులునదేమి? ఒక తేది, ఒక మొత్తము, ఒక పేరు, ఒక ఉత్తరువు. ఎదుటివానికి గుచ్చుకొనునవి అవియే.

దృష్టాంతము దూరపుది కాదు. 1957 సెప్టెంబరులో రాం సుభగ్ సింగు అను సభ్యుడు, జీవితబీమా కార్పొరేషను ఫలానివాని కంపెనీలలో వాటాలు కొన్నమాట నిజమేనా అను భావముతో ఒక ప్రశ్న వేసెను. ఉద్రేకము లేదు, ఉపన్యాసము లేదు. ప్రభుత్వపు జవాబు నునుపుగా జారిపోయెను. ఆ జారుటయే రెండవ ప్రశ్నకు చోటిచ్చెను; దానిపై మరియొకటి వచ్చెను; డిసెంబరు 16 న ఫిరోజ్ గాంధీ లేచి ముంధ్రా అను ఆ వర్తకుని కంపెనీల చరిత్రనంతయు సభ ముందర విప్పునప్పటికి, పాలసీదారుల ధనము 1 కోటి 24 లక్షల రూపాయలు ఆ కంపెనీలలోనికి పోయినట్లు దేశమంతయు తెలిసికొనెను. ఛాగ్లా విచారణ సంఘము కూర్చున్నది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా యిచ్చెను. మొదటి ప్రశ్న వేసిననాడు ఐదవ ప్రశ్న ఏదో అడిగినవారికే తెలియదు. నాలుగవదాని జవాబులోనుండి అది పుట్టవలసియుండెను. ఇక నీ మిత్రుడు ఏమి చెప్పునో ఎరుగకయే పది ప్రశ్నలు వరుసపెట్టి ఇక్కడనుండి నేనెట్లు వ్రాసి పంపుదును?

నీ చైనా ప్రశ్ననే తీసికొందము. పోయిన అక్టోబరు 21 న లడఖులో కొంగ్కా కనుమ కడ మన పోలీసులు చైనా సైనికుల కాల్పులకు గురియై మరణించిరి. "ఆ వార్త వచ్చిన వారములో మీ పార్టీ పత్రికలో ఏమి వ్రాసిరి? అది చదివినప్పుడు నీకేమి తోచినది?" అని అడిగిచూడుము. మొదటిదానికి అతడు పత్రిక వెదకవలెను, రెండవదానికి తన మనసు వెదకికొనవలెను. (అభిప్రాయ మడుగరాదన్న సభానియమమును ఇచ్చట నేను సడలించుచున్నాను, మంత్రికి మనసుతో పనిలేదు, మిత్రునికి కలదు.) అడిగిన పిమ్మట నోరు మూసికొని కూర్చుండుట మరువకుము. వకీళ్లలో సగముమంది చెడిపోవునది ఇక్కడనే. సాక్షి తడబడుచుండగా ఆ నిశ్శబ్దమును భరింపలేక తామే ఏదో అని, వానికి ఊపిరి పోయుదురు.

కోర్టు విద్యను మొత్తముగా నీకు నేర్పక పోవుటకు మరియొక కారణము కలదు. అడ్డుసవాలులో జవాబును ప్రశ్నలోనే దాచి "అవునా, కాదా?" అని బిగించుటకు సాక్ష్యచట్టము మాకు అనుమతి నిచ్చినది. అచ్చట సాక్షి ఒప్పుకొననక్కరలేదు. పీఠముమీద జడ్జీ యొకడు విని తీర్పు చెప్పును. మీ మిద్దెమీద జడ్జీ ఎవడు? ఆ కమ్యూనిస్టు పిల్లవాడే సాక్షియు, వాడే జడ్జీయు. వానిని సాక్షిగా చిత్తు చేసినచో జడ్జీగా నీపై తీర్పు వ్రాయును.

ప్రశ్నకు గల బలము మరియొక తీరున మన జిల్లాకు మొన్ననే అనుభవమునకు వచ్చినది. తిరుపతి మాదని మ.పొ. శివజ్ఞానంగారి అనుయాయులును, మద్రాసే మాదని మనవారును గొంతులు చించుకొన్న దినములు నీకు చిన్నతనమున లీలగా గుర్తుండవచ్చును. తిరుత్తణి ఎవరిది అని అడిగినంతకాలము రైళ్లు ఆగినవి, రాళ్లు పడినవి, జవాబు మాత్రము రాలేదు. మధ్యవర్తిగా వచ్చిన పటాస్కరుగారు ఆ ప్రశ్నను ప్రక్కకు పెట్టి, ఏది ప్రమాణము, తాలూకాయా, గ్రామమా? అను మాట తేల్చిరి. గ్రామమే ప్రమాణమనియు, ఆ గ్రామమున అధికసంఖ్యాకుల భాష ఏది, అది ఏ వైపునకు ఆనుకొనియున్నది అనునవే చూడవలెననియు ఏర్పడినపిమ్మట, ఊరూరి జనాభా లెక్కలే మాటలాడినవి. ఈ ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి అటు పోయినది, సత్యవేడు ఇటు వచ్చినది. నాకు తిరుత్తణి పోయినందుకు కడుపులో మంట యింకను చల్లారలేదు. ఏటేట ఆడికృత్తికకు ఆ కొండ ఎక్కినవాడను. అయినను పటాస్కరుగారి ప్రశ్న తప్పని మాత్రము అనలేకున్నాను.

ఇక నీ జాబులో నాకు మిక్కిలి నొప్పి కలిగించిన వాక్యము. స్వతంత్ర పార్టీ మిత్రుడు నిన్ను, "మీ కాంగ్రెసు నాగపూరు తీర్మానము ప్రకారము ఉమ్మడిసేద్యములో చేరిన రైతు బయటికి రాదలచినచో తన చేను తనకు తిరిగి వచ్చునా?" అని అడిగెననియు, నీవు "జమీందారుల ఏజెంటువు" అని బదులిచ్చితిననియు వ్రాసితివి. ఆ రాత్రి మీ మిద్దెమీద పుట్టిన ఒకే ఒక మంచి ప్రశ్న అది. దానిని వేసినవాడు అతడు, దానినుండి పారిపోయినవాడవు నీవు. తెలియదని చెప్పి, తెలిసికొని రేపు చెప్పుదునని యుండినయెడల నీవు మరునాడు వేయు ప్రశ్నకు వాడు చెవియొగ్గెడివాడు.

మీ తిరుపతి ప్రాచ్యకళాశాల విద్యార్థి నెవనినైన అడుగుము, గౌతముని న్యాయసూత్రములలో వాదము, జల్పము, వితండ అని చర్చ మూడువిధములని చెప్పును. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలుపు కోరి చేయునది జల్పము. తనకొక పక్షము నిలుపుకొనక ఎదుటివాని పక్షమును కూల్చుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. నీవు పంపుమన్న పది ప్రశ్నలు మూడవ తెగకు చెందినవి.

ఇక తనవారినే ప్రశ్నించినవారి మాట. మన ఊరి ప్రక్కనున్న కట్టమంచి గ్రామమున పుట్టిన రామలింగారెడ్డిగారి నాలుక పదును నీ తరమువారికి వినికిడియే, నేను చవిచూచినవాడను. ఆయన 1923 నవంబరు 27 న మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజావారి జస్టిస్ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. ఈ దేశపు శాసనసభలలో అట్టి తీర్మానము అదియే మొదటిదని చెప్పుదురు. ఇరువది ఓట్లకు పైబడిన తేడాతో అది వీగిపోయినది. నాకు ముఖ్యముగా తోచునది ఓట్ల లెక్క కాదు: అంతకు కొలదికాలము మునుపటి వరకు ఆయన ఆ జస్టిస్ పార్టీలోనివారే. 1930 లో ఉప్పుసత్యాగ్రహమును సర్కారు అణచిన తీరునకు నిరసనగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షపదవిని వదలుకొన్నవారును ఆయనయే. ముంధ్రా విషయమున ప్రశ్నించిన రాం సుభగ్ సింగు, ఫిరోజ్ గాంధీ ఇరువురును మన కాంగ్రెసు సభ్యులేయని నీకు వేరుగ చెప్పనక్కరలేదు. సొంత యింటివారిని అడిగినవాడు పొరుగింటికి వచ్చి అడిగినప్పుడు, వీడు తగవుకు రాలేదని పొరుగువాడు గ్రహించును, తలుపు తీయును.

కాబట్టి, పదిలో తొమ్మిది మాని, ఒక్క ప్రశ్న మాత్రము పంపుచున్నాను; అదియు నీకే, నాకే. 1957 ఏప్రిల్‌లో కేరళలో నంబూద్రిపాదుగారి మంత్రివర్గము ఓట్లతో వచ్చినది. పోయిన సంవత్సరము జూలై 31 న, సభలో మెజారిటీ ఉండగానే, దానిని కేంద్రము బర్తరఫు చేసినది. అల్లరులు చెలరేగినవి, నిజమే. ఈ ఫిబ్రవరి ఎన్నికలలో మన కూటమి గెలిచినది, అదియు నిజమే. అల్లరి చెలరేగినంత మాత్రమున సభ విశ్వాసమున్న మంత్రివర్గమును తొలగింపవచ్చునన్నచో, రేపు మన హైదరాబాదు మంత్రివర్గమునకు అదే గతి పట్టినప్పుడు మనమేమని ఆక్షేపింతుము? నీ కమ్యూనిస్టు మిత్రుడు ఇది అడుగకముందే నీవే వాని ముందర ఈ ప్రశ్నను పెట్టుము.

అంతకు ముందు, వచ్చే శనివారము పాకాల మీదుగా వచ్చు రైలుకు బయలుదేరి రమ్ము. రాత్రి భోజనమైన పిమ్మట మన మిద్దెమీద కూర్చుండి దానిని మొదట నన్నే అడుగుము. ఏడాది కావచ్చినది, నాకింకను జవాబు దొరకలేదు.

ఇట్లు,
పెదనాయన.