సిస్టరమ్మ మన ఊళ్లో నిలవాలంటే

చెల్లీ, టీ పెట్టుకున్నావా? అయితే ఇట్లా వచ్చి కూర్చో. ఇవాళ మన ముచ్చట కాస్త పెద్దదే.

బీదరు జిల్లాలోని మన మన్నాఏఖేళ్ళి హైవే మీది ఊరు. హైదరాబాదు నుంచి పూనా పోయే 65వ నంబరు రోడ్డు మన గుమ్మం ముందు నుంచే పోతుంది. రాత్రీ పగలూ లారీల మోతే. బస్సెక్కితే ఇటు జహీరాబాదు, అటు హుమ్నాబాదు, కాదంటే బీదరు. ఇన్ని దారులున్నా, రాత్రి పది దాటాక ఇంట్లో నిండుచూలాలికి నొప్పులొస్తే మనందరికీ వచ్చే బెంగ ఒక్కటే కదా? దవాఖానలో సిస్టరమ్మ ఉందో లేదో! డాక్టరు సంగతి తర్వాత. ముందు తలుపు తీసి, బీపీ చూసి, చెయ్యి పట్టుకుని "ఏం కాదమ్మా" అనే మనిషి కావాలి.

ఈ బెంగ మనొక్కరిదే అనుకోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పిన లెక్క చూడు. 2023 నాటికి లోకమంతా కలిపి దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు, ఇంకో 58 లక్షల మంది తక్కువ పడ్డారు. ఉన్నవాళ్లలో ఏడుగురికి ఒకరు పుట్టిన దేశం వదిలి పరాయి దేశంలో పనిచేస్తున్నవాళ్లే. జర్మనీకో లండన్‌కో నర్సులు కావాల్సి వస్తే మన పిల్లల్ని పిలుచుకుంటారు. హైదరాబాదుకో బెంగుళూరుకో కావాల్సి వచ్చినా మన పిల్లల్నే పిలుచుకుంటారు. మరి మన్నాఏఖేళ్ళికి కావాల్సి వస్తే మనం ఎవర్ని పిలవాలి?

అయినా దిగులు పడకు. నర్సులు లేరనే మాట సగమే నిజం. నర్సింగ్ కాలేజీలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన కర్ణాటక ముందు వరుసలోనే ఉంది. పక్కనున్న తెలంగాణ సంగతే తీసుకుందాం. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి స్టాఫ్ నర్సు ఉద్యోగ పత్రాలు ఒకేరోజు ఇచ్చారు. అంతమంది ఎక్కణ్నుంచి వచ్చారంటావు? ఎప్పుడో చదువు ముగించి, ప్రైవేటులో చాలీచాలని జీతానికి చేసుకుంటూ, పర్మనెంటు పోస్టు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసినవాళ్లే చాలామంది. అదే తెలంగాణలో 2021 జూలైలో ఏమైందో గుర్తుందా? కోవిడ్ రోజుల్లో ఔట్‌సోర్సింగ్ కింద తీసుకున్న పదహారు వందల మందికి పైగా నర్సులను ఇక చాలన్నారు. పీపీఈ కిట్లలో చెమటలు కక్కినవాళ్లు ఉద్యోగం కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం నిలుస్తాయి? కాలేజీలు పెట్టడం నీళ్లు పోయడమే. ముందు చిల్లి ఎక్కడెక్కడుందో మనం చూసుకోవాలి.

మొదటిది పని బరువు. ఒక నర్సు కుర్చీ రాత్రీ పగలూ ఖాళీ లేకుండా ఉండాలంటే ఎంతమంది కావాలో వేళ్ల మీద లెక్కేద్దాం. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఇరవై ఒకటి. ఒక్కొక్కరు వారానికి ఆరు చేస్తే మూడున్నర మంది. జ్వరాలు, సెలవులు, కాన్పులు కలుపుకుంటే నలుగురికి తక్కువైతే గడవదు. ఇద్దరే ఉన్నచోట ఏమవుతుందో ఆలోచించు. రాత్రి రెండింటప్పుడు వార్డులో ఒక్క సిస్టరే. మూల మంచం దగ్గర సెలైన్ బాటిల్ అయిపోయి, ట్యూబులోకి రక్తం ఎగబాకుతోంది. "సిస్టర్! సిస్టర్!" అని పేషెంటు తాలూకు మనిషి కేకలు. ఆమె అప్పుడే లేబర్ రూములో గ్లవ్సు తొడిగిన చేతులతో బిడ్డ తల పట్టుకుని ఉంది. ఎట్లా వస్తుంది? కాన్పు అయ్యాక బిడ్డ బరువు చూడాలి, తల్లికి రక్తం ఎక్కువ పోతోందేమో కనిపెట్టుకుని ఉండాలి, కేస్ షీటు రాయాలి, రిజిస్టర్లు నింపాలి. తెల్లారేసరికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టవు. ఇట్లా నాలుగేళ్లు చేశాక "ఇంక నా వల్ల కాదక్కా" అంటే తప్పు ఆమెదంటావా?

ఇది ఆమె అలసటతో పోయే విషయం కూడా కాదు, మన ప్రాణాలతో ముడిపడింది. యూరప్‌లో తొమ్మిది దేశాల ఆసుపత్రులను పరిశీలించి 2014లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చువేశారు. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని తేలింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక్కో నర్సుకు ఇంతమందికి మించి రోగులను అప్పజెప్పకూడదని చట్టమే చేసి 2004 నుంచి అమలు చేస్తోంది. మన భారత నర్సింగ్ కౌన్సిల్ కొలతలూ ఉన్నాయి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు. కాగితం మీదున్నది వార్డులోకి రావాలంటే అడిగేవాళ్లుండాలి. మనమే అడుగుదాం. గ్రామసభలో లేచి "మన దవాఖానకి నర్సు పోస్టులు ఎన్ని మంజూరు? ఎన్ని నిండాయి? వాటిలో కాంట్రాక్టు ఎన్ని?" అని మూడే ప్రశ్నలు వెయ్యి. దవాఖాన బాగోగులు చూసే ఆరోగ్య రక్షా సమితి మీటింగులోనూ ఇవే వెయ్యొచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. ఒక్కదానివే వెళ్లడానికి మొహమాటమైతే మహిళా సంఘంలోని నలుగురిని వెంటేసుకుని పో.

రెండోది జీతం. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల కష్టం విని, జీతాల మీద ఒక కమిటీ వేయమంది. యాభై పడకలు కూడా లేని చిన్న ఆసుపత్రి అయినా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఇన్నేళ్లయినా చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఆ ఇరవై వేలు చూడని పిల్లలు ఎంతమందో! అందుకే చెప్తున్నా, మన చెల్లెళ్లెవరైనా ఉద్యోగంలో చేరేటప్పుడు సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అపాయింట్‌మెంట్ లెటరు రాతలో తీసుకోవాలి. జీతం బ్యాంకులో పడాలి, పీఎఫ్ కడతారో లేదో ముందే అడగాలి. ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని సిగ్గుపడకండి తల్లీ, కష్టం మనది.

మూడో చిల్లి మనింట్లోనే ఉంది. వింటే కోపం రావచ్చు, అయినా చెప్తా. పెళ్లిచూపుల్లో "పిల్ల నర్సా? నైట్ డ్యూటీలుంటాయా?" అని మొహం చిట్లిస్తాం. అదే లండన్‌లో నర్సంటే సంబంధం కోసం మనమే పరుగెత్తుతాం. అక్కడ రాత్రుళ్లు ఉండవా ఏం? పొద్దున ఎనిమిదిన్నరకి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన కోడలు అట్లాగే నిలబడి జొన్నరొట్టెలు తట్టాలని మనం అనుకుంటే, ఆ ఉద్యోగం ఎన్నాళ్లు చేస్తుంది? రాత్రంతా మేలుకున్న మనిషికి పగలు ఆరేడు గంటల నిద్రే మందు. అత్తగార్లూ, మీకూ ఒక మాట. ఆ పూట రొట్టెలు మీ అబ్బాయి తట్టినా గుండ్రంగానే వస్తాయి, రాకపోయినా కడుపు నిండుతుంది. గదికి మందపాటి పరదా వేయండి, టీవీ సౌండు తగ్గించండి, పిల్లల్ని స్కూలుకి మీ అబ్బాయినే దింపమనండి. ఇంత చేస్తే చాలు, ఆ పిల్ల పదేళ్లు ఎక్కువ పనిచేస్తుంది.

మర్యాద సంగతి కూడా అనుకుందాం. మనవాళ్లకి బాగాలేనప్పుడు మన కంగారు మనది, కాదనను. కానీ ఆ కంగారులో నోరు జారేది, చెయ్యెత్తేది ఎదురుగా కనబడే సిస్టరు మీదే. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా అని కర్ణాటక 2009లోనే చట్టం చేసింది. చట్టం దాకా ఎందుకు? పేషెంటు దగ్గర ఒక్కరే ఉండి, మిగతావాళ్లు బయట కూర్చుంటే సగం గొడవ తగ్గుతుంది. మన తమ్ముళ్లకి, మరుదులకి ఈ ముక్క గట్టిగా చెప్పే బాధ్యత మనదే.

ఇక నాకు ఎక్కువ ఆశ ఉన్న సంగతి చెప్తాను. 1956 దాకా మన బీదరు హైదరాబాదు రాష్ట్రంలోదే కదా. ఆ చలవ వల్ల మనిళ్లలో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో ఉర్దూ, మరాఠీ కలిసిపోయి వినబడతాయి. ఎక్కడో దూరం జిల్లా నుంచి వచ్చిన సిస్టరుకి మన ముసలమ్మ "కడుపుల దేవినట్టయితుంది బిడ్డా" అంటే ఏమర్థమవుతుంది? మనూరి పిల్లయితే నాలుగు భాషల్లోనూ నాడి పట్టేస్తుంది. పల్లెల్లో వైద్య సిబ్బంది నిలవాలంటే పల్లె పిల్లలనే చదివించండని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మనకైతే రాజ్యాంగంలోనే దారి ఉంది. 371(జె) అధికరణం కింద మన బీదరు లాంటి కల్యాణ కర్ణాటక జిల్లాల వాళ్లకి చదువుల్లోనూ సర్కారు ఉద్యోగాల్లోనూ స్థానిక కోటా ఉంది. ఆ కోటాకి కావాల్సిన సర్టిఫికెట్ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు నుంచి రావాలి. కౌన్సెలింగ్ ముందురోజు పరుగులు పెట్టకుండా ఇప్పుడే తీయించి పెట్టుకోండి.

పిల్ల పీయూసీలో ఉందా? బయాలజీతో సైన్స్ అయితే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, దానికి సీఈటీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆర్ట్స్ చదివినా బాధ లేదు, మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం ఉంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం నా మాట విను. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, నేర్చుకోవడానికి నిజమైన రోగులున్న ఆసుపత్రి ఉందా, రెండూ కళ్లతో చూసి రా. "క్లాసులకి రానక్కర్లేదు, ఫీజు కడితే చాలు" అన్నారంటే అక్కణ్నుంచి వచ్చేయ్. సూది పట్టడం రాని సర్టిఫికెట్ ఎవరికి కావాలి? జహీరాబాదు, సంగారెడ్డి వైపు చదివిన పిల్లలు ఇక్కడ పనిచేయాలంటే కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. అది మరిచిపోతే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

మరి చదివించాక పిల్ల జర్మనీ పోతానంటే? పోనీ తల్లీ, ఆశీర్వదించి పంపుదాం. దానికీ ఇల్లు కట్టుకోవాలని, తమ్ముణ్ని చదివించాలని ఉంటుంది కదా. ఏజెంటు చేతిలో లక్షలు పోయకుండా సర్కారు దారి వెతుక్కోమని చెప్పు. తెలంగాణ పిల్లలకైతే టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే ఉంది, భాష నేర్పించి మరీ పంపుతుంది. వెళ్లేవాళ్లను ఆపడం కన్నా, ఉండేవాళ్లకి ఉండబుద్ధయ్యేట్టు చేయడం మన చేతిలో పని.

అందులో అన్నిటికన్నా తేలికైనది ఇల్లు. బదిలీ మీద వచ్చిన సిస్టరుకి అద్దెకి గది దొరకదు. కులం అడుగుతాం, ఒంటరిగా ఉంటుందా అని ఆరా తీస్తాం, రాత్రి పదకొండింటికి వచ్చిందని చెవులు కొరుక్కుంటాం. ఆ పదకొండింటిదాకా ఆమె చూసింది మన మేనకోడలి కాన్పే కావచ్చు! మీ వీధిలో నీళ్లూ బాత్రూమూ సరిగ్గా ఉన్న గది ఎవరింట్లో ఖాళీగా ఉందో రేపే కనుక్కో. దవాఖానకి వెళ్లి "సిస్టరమ్మా, ఇల్లు దొరికిందా?" అని అడుగు. లేదంటే ఆమెను వెంటబెట్టుకుని ఇంటివాళ్ల దగ్గరికి నువ్వే తీసుకెళ్లు, అద్దె మాట్లాడేదాకా కదలకు.