మినుము చేలో నీలి సీతాకోకచిలుకలు

ప్రశ్న: గట్ల మీది గడ్డిలో గోరంత నీలి సీతాకోకచిలుకలు నేలబారున ఎగురుతున్నాయి. పక్కనే మినుము చేను. మందు కొట్టాలా?
– ఒక రైతు, భావనపాడు

జవాబు: తొందరపడకండి. మీరు చూస్తున్నవి చాలావరకు ‘గ్రాస్ బ్లూ’ రకాలై ఉంటాయి. రెక్కలు విప్పితే రెండు సెంటీమీటర్లు, అటూ ఇటూ. నీలిరంగు మగవాటి సొత్తు, ఆడవి గోధుమరంగులో వెలవెలబోతాయి. రెక్కలు మూస్తే బూడిదరంగు మీద నల్లచుక్కలే. పొద్దున్నే ఎండకు రెక్కలు సగం విప్పి కూర్చున్నప్పుడు వంగి చూడండి, తేడా తెలుస్తుంది. ఆడవి పల్లేరు, చిలకతోటకూర, పులిచింత వంటి కలుపు మొక్కల మీద ఒక్కొక్కటిగా తెల్లటి గుడ్లు పెడతాయి. పచ్చటి పురుగు వీపు చివర తీపి ద్రవం ఊరుతుంది. దానికోసం చేరే చీమలు పురుగుకు కాపలా కాస్తాయి. జీతం ముందే ముట్టిందిగా!

మినుముకు వచ్చేది దీని బంధువు, ‘గ్రామ్ బ్లూ’. కాస్త పెద్దది, వెనక రెక్కకు సన్నని తోక, దాని పక్కన నారింజ అంచున్న నల్లచుక్కలు ఉంటాయి. దీని పురుగు మొగ్గల్నీ లేత కాయల్నీ తొలుస్తుంది. అందుకే ఎగిరేవాటిని లెక్కపెట్టకుండా, పూత దశలో చీమలు తిరిగే గుత్తులు విప్పి చూడండి. అక్కడొకటి అక్కడొకటి దొరికితే చేత్తో ఏరేస్తే చాలు.